జుట్టు ఊడుతుంటే స్కిన్ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? గోదావరి డెల్టా వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల షాపులో ఫార్మసిస్టుగా కూర్చునే నాలాంటివాళ్లకి జుట్టు గురించి ప్రశ్న రాని రోజు ఉండదు. కోనసీమలోనైనా, గోదావరి దాటి పాలకొల్లు, భీమవరం వైపైనా అంతే. వచ్చినవాళ్లు నూనె పేరో, షాంపూ పేరో, ఫోన్‌లో చూసిన సీరమ్ పేరో అడుగుతారు. "నాది ఏ రకం ఊడడం?" అని మాత్రం ఎవరూ అడగరు. జుట్టు ఊడడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనికిరాదు. కొన్ని రకాలు వాటంతటవే సర్దుకుంటాయి, కొన్ని ఆలస్యమైతే మళ్లీ రావు. అందుకే ముందు రోగం పేరు తేలాలి, మందు సంగతి ఆ తర్వాత.

దువ్వినప్పుడల్లా చేతికి జుట్టు వస్తోందండీ. ఎంత ఊడితే భయపడాలి?

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకి 50 నుంచి 100 దాకా ఊడడం మామూలే. వారానికోసారి తలంటు పోసుకునేవాళ్లకి ఆ వారం రాలాల్సినదంతా ఆ రోజే బాత్రూములో కనిపిస్తుంది, చూసి గుండె ఆగినంత పనవుతుంది. లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే టెన్షన్ పెరగడం తప్ప ఉపయోగం లేదు. వేరే గుర్తులు చూసుకోండి. పాపిట వెడల్పవుతోందా, జడ లావు తగ్గిందా, రబ్బరు బ్యాండు ఇంకో చుట్టు ఎక్కువ తిరుగుతోందా, మగవాళ్లకైతే నుదుటి రెండు పక్కలా వెనక్కి పోతోందా, మాడు మీద చర్మం కనబడుతోందా అన్నవి చూడండి. రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటో పక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఏ లక్షణాలుంటే అసలు ఆగకూడదు?

ఊడినచోట మంట, నొప్పి, ఎర్రదనం, చీము, దళసరి పొలుసులు ఉన్నా, చర్మం నున్నగా మెరుస్తూ రంధ్రాలు కూడా కనబడకపోయినా ఆ వారంలోనే వెళ్లండి. కుదుళ్లనే నాశనం చేసి మచ్చ మిగిల్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. లైకెన్ ప్లానోపైలారిస్, డిస్కాయిడ్ లూపస్ అలాంటివే. పోయిన కుదురు ఏ మందుతోనూ తిరిగి రాదు. డాక్టరు చేయగలిగేది మిగిలినదాన్ని కాపాడటమే. అందుకే వీటిలో ప్రతి నెలా విలువైనదే.

కనుబొమ్మలు రాలుతున్నా, ముఖ్యంగా దాంతోపాటు ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని మచ్చ ఉన్నా, కుష్టు కావచ్చేమో చూపించుకోవాలి. దాచుకోవాల్సిన పని లేదు. దానికి మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది. చిన్నపిల్లల తలలో పొలుసులతో జుట్టు విరిగిపోతున్నా, ఆడవాళ్లకి నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా కూడా ఆగకండి.

డెంగీ తగ్గి మూడు నెలలైంది. ఇప్పుడు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. జ్వరం మళ్లీ వచ్చిందా?

లేదు. వర్షాకాలంలో డెంగీ, టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లు దసరా, దీపావళి దాటాక ఇదే మాట చెబుతారు. వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, ఆ తర్వాత సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలుతుంది. పెద్ద జ్వరం, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం, ఇంట్లో పెద్ద దుఃఖం లాంటివి జరిగితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అందుకే దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకి రాలడం మొదలవుతుంది. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఎండిన మట్ట రాలినంత మాత్రాన కొబ్బరిచెట్టు చచ్చిపోయినట్టు కాదు కదా, ఇదీ అంతే. కుదురు బతికే ఉంటుంది.

సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం ఆగుతుంది. పాత ఒత్తు రావడానికి ఇంకా సమయం పడుతుంది, ఎందుకంటే జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పైచిలుకే పెరుగుతుంది. ఈ దశలో ఖరీదైన కిట్లు కొనకండి. తిండి సరిగ్గా తినండి. ఆరు నెలలు దాటినా ఆగకపోతే రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో చూపించుకోవాలి.

కాన్పై నాలుగో నెల. "బిడ్డ తల్లిని గుర్తుపట్టి నవ్వితే జుట్టు ఊడుతుంది" అంటోంది మా అత్తయ్య. నిజమేనా?

అత్తయ్యగారు చెప్పిన సమయం సరైనదే, కారణం వేరు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలాల్సిన జుట్టు రాలకుండా నిలిచి ఉంటుంది. కాన్పయ్యాక అదంతా మూడు నాలుగు నెలల్లో ఒక్కసారి రాలుతుంది. బిడ్డ తల్లిని గుర్తుపట్టి నవ్వేదీ ఆ రోజుల్లోనే. బిడ్డకి ఏడాది నిండేసరికి చాలామందికి సర్దుకుంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బాలింతకి పథ్యం పేరుతో పప్పు వద్దు, గుడ్డు వద్దు, చేప వద్దు, నీళ్లు కూడా తక్కువే తాగాలి అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రక్తం పోయి, పాలిస్తున్న మనిషికి మాంసకృత్తులు, ఐరన్ అందరికన్నా ఎక్కువ కావాలి. కారప్పొడి అన్నంతో నెలలు గడిపితే ఒక్క జుట్టే కాదు, మనిషే నీరసించిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకండి. టీతో, కాఫీతో వేసుకోకండి, ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. పాలిచ్చేవాళ్లు మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి తలకి రాసే మందు) జోలికి డాక్టరు చెప్పకుండా వెళ్లకూడదు.

మా తమ్ముడికి రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోయింది. పేనుకొరుకుడు అంటున్నారు. ఏం రాయాలి?

ముందు ఏమీ రాయకండి. దీన్ని డాక్టర్లు అలోపీషియా ఏరియేటా అంటారు. పేలు కొరకడం వల్ల వచ్చేది కాదు, అంటుకునేది అంతకన్నా కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కుదుళ్ల మీదే దాడి చేస్తుంది. గడ్డంలో, మీసంలో, కనుబొమ్మల్లో కూడా రావచ్చు. కొందరికి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు పడతాయి. కొందరికి థైరాయిడ్ సమస్య కూడా తోడుగా ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష రాస్తారు.

ఊళ్లలో బ్లేడుతో గీకి వెల్లుల్లి రుద్దడం, గురివింద గింజ అరగదీసి పూయడం ఇంకా జరుగుతోంది. గురివింద గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. గీకిన చర్మం మీద దాన్ని పెట్టడం ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో ఆ గింజలు ఉండటమే ప్రమాదం. పుండుపడి మచ్చ కట్టిందంటే దానంతటదే వచ్చే జుట్టు కూడా ఆ చోట రాదు. ఒకటి రెండు చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాదిలోపు మందు లేకుండానే జుట్టు తిరిగి వస్తుంది. పసరు రాసినవాళ్లకి తగ్గిందని పేరు రావడానికి అదే కారణం.

స్కిన్ డాక్టరైతే మచ్చలోకే చిన్న సూదితో ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. స్టెరాయిడ్ అనగానే హడలిపోవద్దు. మోతాదు చూసి, చర్మం పలచబడుతోందా అని గమనిస్తూ చేసే వైద్యం ఇది. తలంతా, ఒళ్లంతా ఊడిపోయే తీవ్రమైన రకానికి 2022లో అమెరికాలో బారిసిటినిబ్ మాత్రకి అనుమతి వచ్చింది. ఆ కోవ మందులు ఇక్కడి డాక్టర్లూ రాస్తున్నారు. అవి మొదలుపెట్టే ముందు క్షయ లాంటివి లేవని పరీక్షలు చేయించాలి, ఎవరికి వారు కొనుక్కుని వేసుకునేవి కావు.

మా ఊరి బోరు నీళ్లు ఉప్పన. ఈ నీళ్ల వల్లే బట్టతల వస్తోందా?

సముద్రం వైపున్న సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, మొగల్తూరు ప్రాంతాల్లో ఈ బాధ ఎక్కువ. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లే దిక్కయ్యే ఊళ్లూ ఉన్నాయి. ఉప్పునీళ్లు, గట్టి నీళ్లు జుట్టుని పీచులా చేస్తాయి, సబ్బు నురగ రాదు, చిక్కులు పడి మధ్యలో తెగుతుంది. కానీ కుదుళ్లని చంపవు, బట్టతల తీసుకురావు. తేడా మీరే చూడొచ్చు. రాలిన వెంట్రుక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. పొడవులు రకరకాలుగా ఉండి బుడిపె లేకపోతే తెగిన జుట్టు. తెగే జుట్టుకి ఆఖరి చెంబు మంచినీళ్లు పోసుకోవడం, కండిషనర్ వాడటం, తడి జుట్టు దువ్వకపోవడం చాలు.

గల్ఫ్ వెళ్లినవాళ్లు, అంటే కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న మన ఆడపడుచులు, డ్రైవర్లు, ఇదే మాట అక్కడి నీళ్ల గురించి అంటారు. ఇల్లు విడిచిన బెంగ, నిద్రలేమి, తిండి మారడం, ఒక్కసారిగా బరువు తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు రక్త పరీక్ష చేయించుకుని చూడండి.

కొబ్బరి నూనె రాస్తే వస్తుందా?

కొబ్బరి నూనె జుట్టుకి మంచిదే. తలంటుకి ముందు రాస్తే వెంట్రుకలోని మాంసకృత్తు నష్టం తగ్గుతుంది, తెగడం తగ్గుతుంది. ఊడినచోట కొత్తది మొలిపించదు. అందులో ఉసిరి కాచినా, మందారం కాచినా, ఉల్లిపాయ కలిపినా వంశపారంపర్యంగా వచ్చే పలచదనాన్ని ఆపదు. చుండ్రు జిడ్డుగా, పసుపు పొలుసులుగా ఉన్నవాళ్లు రాత్రంతా నూనె ఉంచుకోకూడదు. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ కొవ్వు మీదే బతుకుతుంది. వాళ్లకి కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు తల మీద ఉంచి కడగడం మేలు. చాలామంది పెట్టిన వెంటనే కడిగేసి "పనిచేయలేదు" అంటారు.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందా?

రాదు. ద్వారకా తిరుమలలోనో, అంతర్వేదిలోనో మొక్కు తీర్చుకోవడానికి గుండు చేయించుకోండి, వైద్యంగా కాదు. కత్తిరించిన మొన మొద్దుగా ఉండి ఒత్తుగా అనిపిస్తుంది, అంతే. కుదుళ్ల సంఖ్య మారదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? టౌన్‌లో హెయిర్ క్లినిక్ అని బోర్డులు చాలా ఉన్నాయి.

జుట్టు రోగాలు చూడాల్సింది చర్మవ్యాధి నిపుణులు. బోర్డు మీద ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ లాంటి చర్మవ్యాధుల డిగ్రీ ఉందో లేదో చూడండి. ట్రైకాలజిస్ట్ (జుట్టు నిపుణుడు) అని మాత్రమే రాసి ఉంటే ఆ మనిషి డాక్టరు కాకపోవచ్చు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం మీ హక్కు, తప్పేమీ కాదు.

డబ్బుకి ఇబ్బందైతే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధం. అమలాపురంలో కిమ్స్, రాజమండ్రి దగ్గర రాజానగరంలో జీఎస్‌ఎల్, ఏలూరులో ఆశ్రం లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ ఓపీ చూస్తారు. పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకుంటే ఆ రోజే పని అవుతుంది. అమలాపురం, భీమవరం, తణుకు లాంటి టౌన్లలో ప్రైవేటు స్కిన్ డాక్టర్లున్నారు.

ఆర్‌ఎంపీ గారు జ్వరానికి ఆదుకునే మంచి మనిషే కావచ్చు. కానీ తల మీద మచ్చకి ఆయన ఇచ్చే ట్యూబులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిసి ఉంటాయి. అది రాస్తే మచ్చ రూపం మారిపోయి, తర్వాత చూసే డాక్టరుకి రోగం పోల్చుకోవడమే కష్టమవుతుంది. మా షాపుకొచ్చి ఆ ట్యూబు అడిగినా మీరు డాక్టరు రాసిన చీటీ చూపించాలి, మేము అడగాలి.

డాక్టరు ఏం చేస్తారు? నేనేం తీసుకెళ్లాలి?

వెళ్లే ముందు ఒకటి రెండు రోజులు తలంటుకోకండి, నూనె పెట్టకండి. గుప్పెడు వెంట్రుకలు పట్టి మెల్లగా లాగి ఎన్ని వస్తున్నాయో చూసే పరీక్ష ఒకటుంది, ముందురోజే కడిగేస్తే సరిగ్గా తెలియదు. తర్వాత డెర్మోస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరంతో మాడు చూస్తారు. వెంట్రుకలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉన్నాయా, రంధ్రాలు మిగిలి ఉన్నాయా అన్నది అందులో తెలుస్తుంది. నొప్పి ఉండదు. మచ్చ మిగిల్చే జబ్బని అనుమానం వస్తే ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి నాలుగు మిల్లీమీటర్ల చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. భయపడి వద్దనకండి, ఆ ముక్కే తేల్చి చెబుతుంది.

వాడుతున్న మందులన్నీ, బీపీ, మూర్ఛ, మొటిమల మందులతో సహా, కవర్లో వేసి పట్టుకెళ్లండి. కొన్ని మందులే జుట్టు ఊడేలా చేస్తాయి. ఆయుర్వేదం పొడులు, నూనె సీసాలు కూడా దాచకండి. గత ఆరు నెలల్లో జ్వరం, ఆపరేషన్, కాన్పు, డైటింగ్ ఏమైనా ఉంటే నెలతో సహా చెప్పండి. మీ నాన్నగారి తల, మేనమామల తల, అమ్మమ్మ జడ ఎలా ఉండేవో కూడా అడుగుతారు.

ఏ రక్త పరీక్షలు రాస్తారు?

అందరికీ అవసరం లేదు. ఆడవాళ్లకి, ఒక్కసారిగా ఊడుతున్నవాళ్లకి సాధారణంగా సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), అవసరమైతే విటమిన్ డి, బి12. పీసీఓడీ (ఆడవాళ్ల అండాశయాల హార్మోన్ సమస్య) అనుమానం ఉంటే హార్మోన్లు. ఒక జాగ్రత్త ఉంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకీ, ల్యాబ్‌కీ చెప్పాలి. బయోటిన్ థైరాయిడ్ రిపోర్టుని తప్పుగా చూపించగలదు, గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్‌ని కూడా. రెండు మూడు రోజుల ముందు ఆపమంటారు. నిజమైన బయోటిన్ లోపం చాలా అరుదు, అది లేనివాళ్లకి ఆ మాత్రలు చేసే మేలు కూడా ఏమంత లేదు.

మినాక్సిడిల్ మొదలుపెట్టాక ఇంకా ఎక్కువ ఊడుతోంది. ఆపేయనా?

ఆపకండి. నన్ను అడిగే ప్రశ్నల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో పాత, విశ్రాంతిలో ఉన్న వెంట్రుకలు రాలి కొత్తవాటికి దారి ఇస్తాయి. మందు పనిచేయడం మొదలైందని దానర్థం. సరిగ్గా ఆ సమయంలోనే సగం మంది సీసా పక్కన పడేస్తారు.

వాడే విధానం చెబుతాను. మగవాళ్లకి మామూలుగా 5 శాతం, ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకి రెండుసార్లు. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల సీసా నెల రోజులు వస్తుంది. మీ సీసా మూడు నెలలు వస్తోందంటే సరిపడా రాయడం లేదన్నమాట. ఆడవాళ్లకి ఎంత శాతం, ఎన్నిసార్లు అన్నది డాక్టరు చెబుతారు. ఆరిన తల మీద, జుట్టుకి కాకుండా చర్మానికి తగిలేలా రాయాలి. చేతులు కడుక్కోవాలి. పడుకునే ముందు కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి, లేకపోతే దిండు నుంచి ముఖానికి అంటుకుని అక్కడ వెంట్రుకలు వస్తాయి. నాలుగు నుంచి ఆరు నెలలకి గానీ ఫలితం తెలియదు. ఆపేస్తే కొన్ని నెలల్లో వచ్చినదంతా పోతుంది, అందుకే రోజూ రాయగలనా అని ఆలోచించుకునే మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు నాలుకకి తగిలితే పిల్లి ప్రాణం పోవచ్చు.

గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు సొంతంగా వాడకూడదు. ఇది మొదట్లో బీపీ మందు, మాత్రగా వేసుకుంటే కాళ్ల వాపు, గుండెదడ రావచ్చు. తక్కువ మోతాదులో మాత్రగా ఈ మధ్య రాస్తున్నారు గానీ, అది డాక్టరు పర్యవేక్షణలోనే. కంపెనీ మందు ఖరీదనిపిస్తే జనరిక్ రాయమని డాక్టరుని అడగండి.

ఫినాస్టరైడ్ వేసుకుంటే మగతనం పోతుందట కదా?

ఈ ప్రశ్న కుర్రాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. అడగడమే మంచిది. మగవాళ్ల బట్టతలకి రోజూ ఒక మిల్లీగ్రాము మాత్ర ఇది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ నుంచి డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్ తయారవడాన్ని తగ్గిస్తుంది, ఆ డీహెచ్‌టీయే కుదుళ్లని సన్నబరుస్తుంది. నూటికి కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది రావచ్చు. ఎక్కువమందిలో మందు ఆపితే పోతాయి, కొద్దిమంది ఆపాక కూడా ఉన్నాయని చెప్పారు. దిగులు, నిరాశ కమ్ముకున్నట్టనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చెప్పండి.

గర్భంతో ఉన్నవాళ్లు విరిగిన మాత్రని ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం. వాడుతున్నంతకాలం, ఆపాక కూడా ఒక నెల దాకా రక్తదానం చేయకండి. యాభై దాటినవాళ్లు ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి చెప్పాలి, విలువ సగానికి పడిపోయి కనిపిస్తుంది.

పాప తలలో పొలుసులు, జుట్టు విరిగిపోతోంది. క్రీమ్ ఇస్తారా?

ఇది తలలో వచ్చే తామర కావచ్చు, దానికి పై పూత చాలదు. ఫంగస్ వెంట్రుక లోపల ఉంటుంది కాబట్టి గ్రిసియోఫుల్విన్ లాంటి మందు కొన్ని వారాలు నోటితో ఇవ్వాల్సిందే. చీముగడ్డలా మెత్తగా ఉబ్బినా కోయించకండి, అది కూడా తామర తాలూకు వాపే కావచ్చు. దువ్వెనలు, తువ్వాళ్లు విడిగా ఉంచండి. ఇంట్లో మిగతా పిల్లల తలలూ, పెంపుడు కుక్క, పిల్లి ఒంటి మీద మచ్చలూ చూడండి.

బిగుతుగా జడ వేస్తే ఊడుతుందా?

ఊడుతుంది. కణతల దగ్గర, నుదుటి అంచున పలచబడుతుంటే జడ వదులు చేయండి. సవరం, బరువైన పూలజడ పండక్కి, పెళ్లికి పర్వాలేదు, రోజూ కాదు.

పీఆర్‌పీ, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవచ్చా?

పీఆర్‌పీ అంటే మీ రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి మాడులోకి సూదితో ఎక్కించడం. అది కొందరికి ఉపయోగపడుతుంది, అందరికీ కాదు, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. ప్యాకేజీ మొత్తం ముందే కట్టమంటే ఆగండి. ట్రాన్స్‌ప్లాంట్‌లో తల వెనక జుట్టు తీసి ముందు నాటుతారు, కొత్త జుట్టు పుట్టదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు తొందరపడి ముందు భాగం నింపించుకుంటే, ముప్పైల్లో దాని వెనకంతా ఊడి మధ్యలో ఖాళీ మిగలొచ్చు. అందుకే ముందు మందులతో ఊడడం నిలబెట్టాలి. పేనుకొరుకుడుకి, మచ్చ మిగిల్చే జబ్బు ఇంకా సాగుతున్నప్పుడు ఇది చేయరు. డాక్టర్లు కానివాళ్లు ఈ ఆపరేషన్ చేయకూడదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. కత్తి ఎవరు పడతారో పేరుతో సహా అడగండి.

మూడు నెలల్లో పెళ్లి. అప్పటికి ఏదైనా అవుతుందా?

మూడు నెలల్లో ఏ మందూ పూర్తి ఫలితం చూపించదు. ట్రాన్స్‌ప్లాంట్ చేయించినా అసలు రూపం తెలియడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది, పైగా నాటిన జుట్టు మొదటి నెలల్లో రాలిపోతుంది కూడా. కాబట్టి పెళ్లి కోసం ఆ పని పెట్టుకోకండి. ముహూర్తం రోజుకి హెయిర్ ఫైబర్ పొడి, మంచి కటింగ్, అవసరమైతే విగ్గు ఉన్నాయి, వాటిలో సిగ్గుపడాల్సింది లేదు. ఆడపిల్లల విషయంలో జుట్టు పలచగా ఉందని సంబంధం వెనక్కి పోతే ఆ పిల్ల ముందు ఆ మాట మళ్లీ మళ్లీ ఎత్తకండి. తినడం మానేసి, గదిలోంచి రానంటుంటే స్కిన్ డాక్టరుతో పాటు మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి. అబ్బాయి ఫినాస్టరైడ్ వాడుతుంటే పెళ్లయ్యాక పిల్లల కోసం అనుకున్నప్పుడు ఆ సంగతి డాక్టరుకి ముందుగా చెప్పాలి. మాత్రలు భార్య చేతికి అందేచోట విడిగా పడేయకుండా అట్టలోనే ఉంచాలి.